గౌన్ల మీద రెండో కుట్టు

టైలరమ్మ రోజూ చీకటితోనే లేచి, మొహం కడుక్కుని, టీ చుక్కైనా నోట పోసుకోకముందే ఆ రోజు పూజలో వినబోయే పఠనాలు చదువుకునేది. కుట్టుమిషను బల్ల మీదే బైబిలు తెరిచి, సిలువ గుర్తు వేసుకుని, వరుస వెంట వేలు నడుపుతూ చదివేది. అందులోంచి ఒక్క మాట ఏరుకుని, సాయంత్రం దాకా కొంగున ముడేసుకున్నట్టు వెంట తిప్పుకునేది. ఓపిక గురించిన మాట దొరికిన రోజున బేరమాడేవాళ్ళు బతికిపోయేవారు. ప్రవక్తల మందలింపు వచ్చిన రోజున మటుకు ఇంట్లోవాళ్ళు కాస్త ఒద్దికగా మసిలేవారు.

భర్త కూడా టైలరే. ఆయన పోయాక ముందుగదిలో ఆయన కుర్చీలో ఆమె కూర్చుంది. కిటికీ దగ్గర రెండో మిషను తోడికోడలిది. అక్కా అక్కా అంటూ వెంట తిరిగి పని నేర్చుకున్న పిల్ల. ఆస్పత్రి నర్సుల గౌన్లు కుట్టే పని దొరికినప్పటి నుంచీ చిన్నది ఆస్పత్రికి వెళ్ళి కొలతలు తెచ్చేది, పెద్దది గుడ్డ కోసేది, కుట్టు ఇద్దరిదీ.

ఒకరోజు ఇస్త్రీ చేస్తుంటే, గౌను పక్కకుట్టు వెంబడే సన్నటి సూది బెజ్జాల వరుస టైలరమ్మ కంటపడింది. ఎవరో పాత కుట్టు విప్పి, కాస్త లోపలికి జరిపి మళ్ళీ కుట్టారు. తన కుట్టు తనకు తెలియదా? చివర్న వెనక్కి నాలుగు పోట్లు వేసి గానీ ఆమె దారం తెంపదు. ఇక్కడ ఆ పోట్లు లేవు. ఆ పొద్దున చదివింది యోసేపు కథ. అన్నలే అతని అంగీ ఊడదీసి గోతిలో తోసిన ఘట్టం. సొంతవాళ్ళే, అనుకుంది టైలరమ్మ. ఆ మాటే ముడేసుకుంది.

ఇక అక్కడి నుంచి ఆమె కళ్ళకు అన్నీ వేరుగా కనబడసాగాయి. తను పూజ నుంచి తిరిగొచ్చేసరికి కిటికీ కింద దారపు ముక్కలుండేవి. తన టీ గ్లాసు మీద మూత పెట్టి, చల్లారకుండా గుడ్డ చుట్టి ఉండేది. ఇదివరకైతే ఎంత బుద్ధిమంతురాలో అని మురిసేది. ఇప్పుడు, తప్పు చేసినవాళ్ళకే ఇంత మర్యాద అనుకుంది. ఒకనాడు బల్ల మీద కొలతలు తీసే కొత్త టేపు కనబడింది. మా ఆయన వాడిన టేపు ఉండగా ఇదెందుకు, నా చేతిలో పనిముట్టు కూడా మార్పించేస్తుందా అని దాన్ని సొరుగులోకి తోసేసింది. ఆస్పత్రిలో బట్టలు చూసుకునే సిస్టరమ్మ దారిలో కనబడి, మీ చెల్లెలి పని భలే నీటుగా ఉంటుందమ్మా అంటే, టైలరమ్మకు ఆ రోజు ముద్ద దిగలేదు.

లెక్క తేలిపోయింది. తను కుట్టినవి విప్పి, అక్క చేతిలో పస అయిపోయింది, నేనే సరిచేస్తున్నానని చెప్పుకుని, ఆస్పత్రి పని మొత్తం లాక్కోవాలని దీని ఎత్తు.

బస్సు నడిపే మరిది డ్యూటీ దిగి రాగానే వాకిట్లోనే ఆపింది. మీ ఆవిడకి వేరే గది చూడు, రెండు మిషన్లకి ఈ గది ఇరుకైపోయింది అంది.

"ఏమైనా అందా వదినా?" అన్నాడు అతను.

"ఏమీ అనలేదు. అదేగా నా బాధ."

అతనికి అర్థం కాలేదు. వదిన మాటకు ఎదురు చెప్పి ఎరగడు. డిపో పక్కన ఖాళీ గది ఒకటుంది, రేపు సాయంత్రం వెళ్ళి మాట ఇచ్చేస్తానన్నాడు. భార్యకు మాత్రం తనే నిదానంగా చెప్పుకుంటానని బతిమాలాడు.

మర్నాటి సువిశేషం పొలంలో కలుపు ఉపమానం. అందరూ నిద్రపోతుంటే శత్రువు వచ్చి గోధుమల మధ్య కలుపు విత్తనాలు చల్లిపోయాడు. "ఇది శత్రువు చేసిన పని" అన్న చోట టైలరమ్మ వేలు ఆగిపోయింది. మిగతాది చదవకుండానే బైబిలు మూసేసింది. దేవుడే చూపించాడు, ఈ రోజే పట్టుకోవాలి అనుకుంది. నిద్రలో కాదు, తను గుడిలో ఉండగా జరుగుతోంది, అంతే తేడా.

గుడిలో వెనక వరసలో, తలుపు దగ్గరే నిలబడింది. ఫాదర్ అదే సువిశేషం చదువుతూ, ఆమె వదిలేసిన చోటు దాటి వెళ్ళారు. కలుపు పీకేయమంటారా అని పనివాళ్ళు అడిగితే యజమాని వద్దన్నాడు, దాంతోపాటు గోధుమ మొక్కలూ ఊడొస్తాయన్నాడు. టైలరమ్మకు గుండెలో ఎక్కడో చురుక్కుమంది. అయినా ఫాదర్ ప్రసంగం మొదలుపెట్టగానే బయటపడింది. పూజ మధ్యలో లేచిపోవడం ఆమె పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. ఆ పాపం కూడా చిన్నదాని ఖాతాలోనే వేసింది.

చెప్పులు వాకిట్లోనే విడిచి, పిల్లిలా గదిలోకి వచ్చింది. తోడికోడలు కిటికీ దగ్గర గౌను ఒళ్ళో పెట్టుకుని కుట్టు విప్పుతోంది.

"దొరికావే" అంది టైలరమ్మ.

చిన్నది ఉలిక్కిపడి లేచింది. కళ్ళు నీళ్ళతో నిండాయి గానీ అబద్ధం ఆడలేదు. బల్ల మీది పాత టేపు, సంచిలోంచి తన టేపు తీసి, రెండు కొసలూ కలిపి గుడ్డ మీద పక్కపక్కనే పరిచింది. అంకెలు మొదట్లో జతగానే నడిచాయి. పోనుపోను పాతదాని అంకెలు వెనకబడ్డాయి. నడుము కొలత దగ్గరకొచ్చేసరికి బొటనవేలు పట్టేంత సందు.

టైలరమ్మకు విడమర్చి చెప్పక్కర్లేదు. కొలవడమూ కోయడమూ ఒకే టేపుతో చేసినన్నాళ్ళూ అది సాగినా బట్ట సరిగ్గానే వచ్చేది. ఇప్పుడు కొలిచేది చిన్నదాని టేపు, కోసేది తన టేపు. గౌన్లన్నీ వదులుగా వచ్చాయన్నమాట.

"నోటితో చెప్పడానికేం?"

"బావగారి టేపు కదక్కా. నువ్వు దాన్ని మడిచేటప్పుడు ఎలా మడుస్తావో రోజూ చూస్తున్నా. అది తప్పు చెబుతోందని ఎలా అనను? కొత్తది పెట్టి చూశా, నువ్వు సొరుగులో పడేశావు. ఆస్పత్రిలో ఒక్కళ్ళకీ తెలియదు. అన్నీ అక్క కుట్టినవే అన్నాను."

టైలరమ్మ కుర్చీలో కూలబడింది. సగంలో వదిలేసిన పూజ గుర్తొచ్చింది. పీకెయ్యొద్దన్న యజమాని మాట గుర్తొచ్చింది. అంతకంటే గట్టిగా డిపో పక్కన గది గుర్తొచ్చింది. చిన్నది మామూలుగా గ్లాసు మీద మూత తీసి, టీ అందించింది. ఆ గ్లాసు పట్టుకున్నాక ఇక దాచడం ఆమెవల్ల కాలేదు.

"అమ్మాయ్, నాకొక సాయం చేసిపెట్టాలి. నిన్ను ఇక్కడి నుంచి పంపించెయ్యమని నిన్న మీ ఆయనకు చెప్పాను. సాయంత్రం వెళ్ళి గదికి మాటిచ్చి వస్తాడు. నాకు మొహం చెల్లదు, నువ్వే ఆపాలి. వదిన తొందరపడిందని చెప్పు. కాదు, వదినకు బుద్ధి లేదని చెప్పు. ఏదో ఒకటి చెప్పు తల్లీ, డ్యూటీ దిగకముందే చెప్పు."