చంద్రుడి మీద నాలుగు నిమిషాలు

సినిమాలో తప్పు పట్టుకోవడం నాకు పెళ్లి కాకముందునుంచే ఉన్న అలవాటు. విజయవాడలో ఆదివారాలు ఉదయం ఆటకు ఇంగ్లీషు సినిమాలు వేసేవారు. అంతరిక్షం సినిమా ఏది వచ్చినా వెళ్లేదాన్ని. నేను ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్స్ డిమాన్‌స్ట్రేటర్‌ని. గాలి లేని చోట రాకెట్టు గర్జిస్తూ పోతుంటే నా పక్కన ఎవరు కూర్చున్నా వాళ్లకు తిప్పలు తప్పేవి కావు. పెళ్లయ్యాక ఆ తిప్పలు మా ఆయనకు వచ్చాయి.

"బరువే లేని గదిలో కూజా వంచితే నీళ్లు గ్లాసులోకి ఎలా పడతాయండీ?" అనేదాన్ని.

"వాడికి దాహం వేసిందిలే, అందుకే పడ్డాయి," అనేవారాయన.

సైన్సు తప్పులే కాదు. పైలట్ చెంప మీద గాయం ఒక షాట్‌లో ఎడమవైపు, మరో షాట్‌లో కుడివైపు ఉంటే అదీ చూసేదాన్ని. ల్యాబ్‌లో ఏళ్లతరబడి ఆడపిల్లల రికార్డులు దిద్దిన కన్ను అది. రీడింగుల్లో ఒక సున్నా జారినా దొరికిపోయేది.

మా ఆయన ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీలో కెమిస్టు. మేం గుణదలలో ఉండేవాళ్లం, ఆయన రోజూ బస్సులో వెళ్లి వచ్చేవారు. చంద్రుడి మీద మనుషులు దిగి నాలుగైదేళ్లయి ఉంటుంది. ఆ వేసవిలో చెరకు ఆడటం అయిపోయాక, ఫ్యాక్టరీలో సినిమా తీసుకుంటామని ఒక దర్శకుడు అనుమతి తెచ్చుకున్నాడు. దివిసీమ మనిషి, నలభై ఏళ్లుంటాయి. చంద్రమండలానికి వెళ్లే కథ, నలుపు తెలుపు చిత్రం. ఫ్యాక్టరీలో పాకం కాచే పెద్ద పాత్రలు, గొట్టాలు, ఒత్తిడి చూపే గుండ్రటి మీటర్లు అతనికి రాకెట్టు లోపలి భాగాల్లా కనిపించాయి. బాయిలర్లో చెరకు పిప్పి మండించగా మిగిలిన బూడిదను వెనకవైపు గుట్టలుగా పోసేవారు. ఆ బూడిద నేల అతనికి చంద్రుడయింది.

మా ఆయన ఊరుకోకుండా, "మా ఆవిడ సినిమా చూస్తే తప్పులు ఏరుతుందండీ," అని అతనితో అన్నారట. మర్నాడే కబురొచ్చింది. కాలేజీకి సెలవులు. వెళ్లాను.

నేను వెళ్లేసరికి ఇద్దరు నటులు హెల్మెట్లు పెట్టుకుని బూడిదలో నడుస్తున్నారు. అడుగు తీసి అడుగు వేస్తే బూడిద మేఘంలా లేచి గాల్లో తేలుతోంది.

"ఎలా ఉందండీ మన చంద్రుడు?" అన్నాడు దర్శకుడు.

"చంద్రుడి మీద గాలి లేదండీ. దుమ్ము లేచినా తేలదు. రాయి విసిరినట్టు లేచి రాయిలాగే కింద పడిపోతుంది. మీది బూడిదలాగే ఉంది."

చుట్టూ ఉన్నవాళ్లు అతని ముఖం చూశారు. అతను కోపం తెచ్చుకోలేదు. "మరేం చేద్దామంటారు?" అన్నాడు.

"నీళ్లు చల్లించండి. దుమ్ము లేవదు. అడుగుజాడలు కూడా బాగా పడతాయి."

బిందెలతో నీళ్లు తెప్పించి చల్లించాడు. అడుగులు అచ్చు గుద్దినట్టు పడ్డాయి. అతను మోకాళ్ల మీద కూర్చుని ఆ జాడలు కాసేపు చూసుకున్నాడు. లేచి, "మేడం గారూ, ఈ షెడ్యూలు అయ్యేదాకా మీరు రావాలి," అన్నాడు.

అలా పదకొండు రోజులు మా ఆయనతోపాటు ఉదయం బస్సెక్కాను. కంటిన్యూటీ చూసే కుర్రాడికి జ్వరం రావడంతో ఆ పనీ నా మీదే పడింది. నాకు తెలిసిన పద్ధతిలోనే చేశాను. కొత్త ప్రాక్టికల్ రికార్డు ఒకటి కొన్నాను. గీతలున్న పేజీలో షాటు వివరం, ఎదురుగా తెల్ల పేజీలో బొమ్మ. ఆక్సిజన్ గొట్టం ఏ భుజం మీద ఉంది, ఏ చేత్తో తాడు పట్టుకున్నారు, నీడ ఎటు పడింది, ఎంత పొడవు పడింది, అన్నీ గీశాను. ఒకసారి హీరోయిన్ గొట్టాన్ని ఎడమ భుజం మీద తగిలించుకుని వచ్చింది. "నిన్న కుడి," అన్నాను. "నాకు గుర్తుందండీ, ఎడమే," అంది. రికార్డు తెరిచి చూపించాను. ఆ తర్వాత ప్రతి ఉదయం తనే వచ్చి ఆ పేజీ అడిగేది.

చంద్రుడి ఆకాశానికి నల్లటి గుడ్డ కట్టారు. పెద్ద తెర. దాని మీద తెల్ల రంగుతో గుండ్రంగా భూమిని వేశారు. ఎండ నేరుగా పడితే నల్లగుడ్డ బూడిదరంగులోకి తిరిగిపోతుందని, సూర్యుడు తెరకు వెనకవైపు ఉండేలా తూర్పున కట్టారు. భూమి బొమ్మ మీదకు మాత్రం అద్దాలతో వెలుగు మళ్లించేవారు. ఎండ తెర పైనుంచి వచ్చి పడేది. నటుల నీడలు పొడవుగా కెమెరా వైపు సాగేవి. రోజూ ఏడు నుంచి తొమ్మిది లోపలే తీయాలని, తర్వాతైతే నీడ పొడవు మారిపోతుందని నేనే పట్టుబట్టాను. నా మాట చెల్లింది.

మొదట చెల్లని మాట ఒక్కటే. చంద్రుడి మీద ఒక పాట ఉంది.

"గాలి లేనిచోట పాటేంటండీ?" అన్నాను.

"గాంధీనగర్‌లో పంపిణీదారు పాట లేకపోతే సినిమా కొననంటాడు. అయినా మేడం గారూ, శబ్దం లేకుండా సినిమా ఎట్లా? జనానికి ఎట్లా తెలుస్తుంది?"

"మీకు తెలిస్తే వాళ్లకు తెలియజెప్పడం మీ పనేగా. ముందు మీరొచ్చి వినండి."

మర్నాడు మధ్యాహ్నం అతన్ని మా కాలేజీకి తీసుకెళ్లాను. అటెండరు ల్యాబ్ తలుపు తీసి ఫ్యాను వేశాడు. బల్ల మీద గాజు బుడ్డి, దాని లోపల వేలాడే కరెంటు గంట, పక్కన గాలి తోడే పంపు. ప్రతి ఏడాదీ ఇంటర్ పిల్లలకు చూపించేదే. గంట మోగించి పంపు తిప్పడం మొదలుపెట్టాను. మోత సన్నబడింది. ఇంకా సన్నబడింది. చివరికి పంపు కిర్రుమనడం తప్ప ఏమీ లేదు. పంపు ఆపాను. బుడ్డి లోపల చిన్న సుత్తి గంటను కొడుతూనే ఉంది. అతను చెవి గాజుకు దాదాపు ఆనించి చాలాసేపు నిలబడ్డాడు.

"ఇంకోసారి చూపిస్తారా?"

మూడుసార్లు చూపించాను. మూడోసారి పంపు తనే తిప్పాడు. తర్వాత స్టూలు మీద కూర్చుని నుదురు తుడుచుకున్నాడు.

"కొడుతోంది, కనపడుతోంది, వినపడటం లేదు. ఎవరో పిలుస్తున్నట్టుందండీ. పాట రాకెట్లోకి మార్చేస్తాను. చంద్రుడి మీద హీరో హీరోయిన్లు మాట్లాడుకునే రేడియో చెడిపోయిందనుకుందాం. వాడి వెనక బండ దొర్లుతోంది. ఈ పిల్ల అరుస్తోంది. వాడికి వినపడదు. మనకూ వినపడదు. నాలుగు నిమిషాలు. అంతేనా?"

"అంతే. కాకపోతే ఒకటుంది. ఆ అమ్మాయి పరుగెత్తి వెళ్లి తన హెల్మెట్ అతని హెల్మెట్‌కి ఆనిస్తే మాట వినపడుతుంది. గాలి లేకపోయినా గట్టి వస్తువులోంచి శబ్దం పోతుంది."

అతను నా వంక చూసి, "ఈ మాట మొదటిరోజే చెప్పకూడదా అండీ," అన్నాడు.

ఆ సన్నివేశం మూడు ఉదయాలు తీశారు. వెదురు చట్రం మీద గోనెలు, కాగితం అంటించి బండ చేశారు. తెర మీద అది నెమ్మదిగా పడినట్టు కనపడాలని, తీసేటప్పుడు కెమెరా వేగం పెంచారు. హీరోయిన్ నోరు తెరిచి అరుస్తూ బూడిదగుట్ట దిగి వస్తుంటే పనివాళ్లంతా మాటలు ఆపి చూశారు. అంతవరకు సినిమా గురించి నేనేం చెప్పినా సరిగ్గానే చెప్పానని నాకు గట్టి నమ్మకం కుదిరింది.

సినిమా మరుసటి ఏడాది వచ్చింది. మొదటి రోజు మ్యాట్నీకి మా ఆయనా నేనూ వెళ్లాం. హాలు నిండింది. పాటకు ఈలలు వేశారు. రాకెట్టు దిగింది. రేడియో చెడిపోయింది. నిశ్శబ్దం మొదలైంది.

అర నిమిషం ఓపిక పట్టారు. తర్వాత కిందినుంచి "సౌండ్" అని కేకలు మొదలయ్యాయి. చెప్పులు కుర్చీలకేసి కొట్టారు. ఉన్నట్టుండి తెర వెనకనుంచి గ్రామఫోను రికార్డు మోగింది. ఏదో నాదస్వరం. ఆపరేటరు కంగారుపడి విరామంలో వేసే రికార్డు పెట్టేశాడు. చంద్రుడి మీద బండ దొర్లుతుంటే పెళ్లి మేళం. హెల్మెట్లు తగిలినప్పుడు ఆ అమ్మాయి ఏమందో ఒక్కరికీ వినపడలేదు. నేను లేచాను. మా ఆయనా లేచి దారిచ్చారు. నేరుగా మేనేజరు గదిలోకి వెళ్లాను.

మేనేజరు పెద్దాయన, పంచె కట్టు. అప్పటికే ఫోనులో ప్రింటు పాడైందని పంపిణీదారు మీద మండిపడుతున్నాడు.

"పాడవలేదండీ. చంద్రుడి మీద గాలి లేదు, అందుకని శబ్దం లేదు. కావాలనే అలా తీశారు."

"కూర్చోండమ్మా. గాలి లేకపోవడం సంగతి నాకు చెబితే నేను వింటాను. నేల టిక్కెట్టువాడికి ఎవరు చెబుతారు? మొదటి ఆటకే రెండు కుర్చీలు విరిగినయ్."

"మీరే చెప్పండి. ప్రకటనల స్లైడ్లు వేస్తారు గదా. విరామంలో ఇంకొకటి వేయండి. నేను రాసిస్తాను."

ఆయన ఆలోచించి కాగితం నా ముందుకు జరిపాడు. నిలబడే రాశాను: చంద్రుడి మీద గాలి లేదు. గాలి లేని చోట ఎంత అరిచినా వినపడదు. రెండో సగంలో నాలుగు నిమిషాలు శబ్దం ఉండదు. యంత్రం పాడవలేదు. ఆమె అరుపు మీకు ఎప్పుడు వినపడుతుందో చూడండి.

ఆయన చదివి, చివరి వాక్యం కింద వేలు పెట్టి, "ఇది బాగుందమ్మా," అన్నాడు. "రికార్డు పెట్టొద్దని ఆపరేటరుకు నేను చెబుతాను."

మర్నాడు మ్యాట్నీకి మళ్లీ వెళ్లాను, ఒక్కదాన్నే. స్లైడు వేశారు. చదువు రానివాళ్లకు పక్కవాళ్లు చదివి వినిపించారు. నిశ్శబ్దం మొదలయ్యాక ఎవరో ఒకడు ఈల వేయబోతే నలుగురు కసిరారు. ఫ్యాన్లు తిరుగుతున్న చప్పుడు తెలిసింది. బండ దొర్లింది. ఆ అమ్మాయి నోరు తెరిచి పరుగెత్తింది. హెల్మెట్లు తగిలాయి, "వెనక్కి చూడు" అన్న గొంతు ఒక్కసారిగా వచ్చింది. హాలంతా ఊపిరి వదిలి చప్పట్లు కొట్టింది. నా జీవితంలో నేను చెప్పిన పాఠం అంతమంది ఒకేసారి అర్థం చేసుకోవడం అదే మొదటిసారి.

ఇక నన్ను ఆపడం ఎవరి తరమూ కాలేదు. తెలిసినవాళ్లనందరినీ ఆ సినిమాకు లాక్కెళ్లాను. మూడో వారంలో మా పక్కింటి టీచరు గారిని తీసుకెళ్లాను. ఆవిడ ఆడపిల్లల హైస్కూల్లో జాగ్రఫీ చెప్పేవారు. నాకంటే పదేళ్లు పెద్ద, మాట తక్కువ. సినిమా అంతా చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కదలకుండా చూశారు. రిక్షాలో తిరిగి వస్తుంటే, "చాలా బాగుందమ్మా," అని, "ఒకటి అడగనా? ఏమీ అనుకోవుగా?" అన్నారు.

"అడగండి."

"వాళ్ల నీడలు మన వైపు పడ్డాయి గదా. అంటే సూర్యుడు వాళ్ల వెనక ఉన్నట్టు."

"అవునండీ."

"భూమి కూడా వాళ్ల వెనకే ఉంది."

"అవును."

"మరి సూర్యుడు ఆ వైపు ఉంటే, భూమికి అవతలి ముఖం మీద గదా వెలుగు పడేది? మనకు కనపడేది చీకటి వైపు. సన్నటి వంకలాగా ఉండాలేమో, నిండుగా గుండ్రంగా వేశారు. నేనేమన్నా పొరబడ్డానేమో."

ఆవిడ పొరబడలేదు. ఇంటికి వెళ్లి టేబుల్ లైటు వెలిగించి, బత్తాయి ఒకటి చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాను. లైటుకూ నా కంటికీ మధ్యకు వచ్చేసరికి బత్తాయి నల్లబడింది. రికార్డు తీశాను. నీడలూ భూమీ ప్రతి పేజీలో పక్కపక్కనే ఉన్నాయి. ఆ నీడ మారకూడదని పదకొండు రోజులు పోట్లాడింది నేనే. ఒక్క షాట్‌లో కూడా చెక్కు చెదరకుండా ఆ తప్పును జాగ్రత్తగా కాపాడాను.

సిగ్గు వేసింది. ఎక్కువసేపు నిలవలేదు. నాకు కనపడనిది అంత చక్కగా, రెండు నీడలూ ఒక బొమ్మా చూసి పట్టుకున్న మనిషి గోడకు అవతలే ఉందని సంతోషం వేసింది. బత్తాయి చేతిలో ఉండగానే వెళ్లి తలుపు కొట్టాను.

"మీరన్నదే నిజమండీ. నేను చూడలేదు."

"అయ్యో, ఇప్పుడు అదంతా ఎవరు చూస్తారమ్మా," అన్నారావిడ.

"మీరు చూశారుగా."

ఆవిడ నవ్వి కాఫీ పెట్టారు. ఆ రాత్రే దర్శకుడికి ఉత్తరం రాశాను, తప్పు ఏమిటో, దాన్ని కనిపెట్టింది ఎవరో, బొమ్మ గీసి మరీ. వారం తిరక్కుండా కార్డు వచ్చింది. ప్రింట్లు ఊళ్లన్నీ తిరుగుతున్నాయని, ఇక భూమిని ఎవరూ మార్చలేరని, హనుమాన్ జంక్షన్‌లో కూడా స్లైడు వేయించారని రాశాడు. టీచరు గారికి నమస్కారాలు చెప్పమన్నాడు.

కార్డు ఆవిడకు చూపించాను. చదివి చేతిసంచిలో పెట్టుకున్నారు, మళ్లీ నాకు ఇవ్వలేదు. "ఆదివారం ఉదయం ఆట ఏదో వచ్చిందటగా, అంగారకుడి మీదట," అన్నారు. మా ఆయన సంతోషంగా తన సీటు వదులుకున్నారు. ఇద్దరం వెళ్లాం. పావుగంట గడవకముందే ఇద్దరం ఒకేసారి ఒకరి చెవిలో ఒకరం చెప్పబోయి తలలు కొట్టుకున్నాం. ముందు వరసలో పెద్దమనిషి వెనక్కి తిరిగి, "అమ్మా, కాస్త మమ్మల్ని సినిమా చూడనివ్వండి," అన్నాడు.