తాత అడిగిన గది

పక్కింటి తాత పోయాడని సోమవారం పొద్దున అమ్మ చెప్పింది. నేను స్కూలు బూట్లు వేసుకుంటున్నాను. ఆ రోజు బడికి పోలేదు.

తాత పాశమైలారం రసాయనాల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు సేఫ్టీ పని చూశాడు. రిటైరయ్యాక కూడా, గాలి వాటం తెలియడానికి డాబా మీద కట్టిన పాత రుమాలు ఎటు ఎగురుతుందో చూశాకే చాయ్ తాగేవాడు.

యుద్ధం వార్తలు వచ్చిన రోజుల్లో నేను అణుబాంబు గురించి ఫోన్‌లో దొంగచాటుగా చదివేదాన్ని. అన్నం దిగేది కాదు. తాత ఒక్కడే కనిపెట్టాడు.

"ఏందే బిడ్డా, భయమైతుందా?"

"లేదు తాతా."

"భయానికి సిగ్గేంది? భయమున్నోడే బతికే ఉపాయం దేవులాడుతడు. బాంబు ఒక్కపారే పేలుతది. దాని దుమ్ము గాలితోని ఊర్లు తిరుగుతది. మందం గోడల నడుమ కూసుంటే చానామంది బతుకుతరు."

ఆ వారమే మాక్ డ్రిల్ సైరన్ మోగింది. ఇళ్లలోకి పోవాల్సిన జనం టిఫిన్ డబ్బాలు పట్టుకుని రోడ్డెక్కారు. మా దగ్గర సైరన్ అంటే షిఫ్ట్ మారడమే.

తర్వాత జరిగిన గ్రామసభకు తాత నన్నూ తీసుకెళ్లాడు. కొత్త కమ్యూనిటీ హాల్లో జనం దాక్కోవడానికి ఒక గది కట్టాలని అడిగాడు.

"మోరీలకే ఫండ్ లేదు తాతా, నీకు బంకర్ గావాల్నా?" అన్నాడు సర్పంచ్.

"బాంబేసెటోనికి మనూరి అడ్రస్ దొరకాలె గదా!" అని వెనక నుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. తాత కూడా నవ్వాడు.

"మోరీలు గట్టుండ్రి, వద్దన్ననా? మొన్న సైరన్ మోగితే ఏం జేసినం? బయటికురికినం. ఇన్నేండ్లు సేఫ్టీ చూసినోణ్ణి, నేను సుత చెప్పులేస్కున్న. బాంబు సంగతి ఇడువుండ్రి. రేపు గ్యాస్ లీకైతే యాడ దాక్కుంటరు?"

తాత నా వైపు చూశాడు. నేను లేచి నిలబడ్డాను.

"నాకు రోజూ భయమైతుంది," అన్నాను. "ఇంట్ల ఎవ్వరికీ చెప్పలే."

తనకూ భయమేనని, ఆడవాళ్లలో కూర్చున్న మా అమ్మ మొదట చెయ్యెత్తింది. ఒక్కొక్కటిగా చేతులు లేచాయి. సర్పంచ్ అందరికన్నా చివర ఎత్తాడు. భూమి కింద కాదు, హాలు వెనక మందపాటి గోడలతో ఒక గదికి ఒప్పుకున్నారు. ప్రమాదానికి సైరన్ మోత కూడా వేరేది పెట్టాలనుకున్నారు.

"నాతోని ఏమైంది? పిల్లనే గెల్చింది," అని తాత ఊరంతా చెప్పుకున్నాడు.

ఈ పొద్దున హాలు వైపు వెళ్లాను. నేల మీద గది కొలతకు సున్నంతో గీతలు గీసి ఉన్నాయి. ఒకచోట గీత ఆగింది. అక్కడ తలుపు వస్తుందని మేస్త్రీ చెప్పాడు. షిఫ్ట్ దిగి వచ్చిన ఇద్దరు మనుషులు గీత తొక్కకుండా ఆ సందులోంచే లోపలికి నడిచారు. ఎంతమంది పడతారో చూడటానికి, భుజానికి భుజం ఆనించి నిలబడ్డారు.