గాజుల హైమ చెయ్యి

మద్రాసు తొండియార్‌పేటలో గాజులంటే హైమే. ఎంత బిరుసు చెయ్యి అయినా సరే, బొటనవేలు లోపలికి మడిచి, మాటల్లో పెట్టి, మట్టిగాజు చిట్లకుండా మణికట్టు దాటించేది. నొప్పి తెలిసేలోపు పని అయిపోయేది. అమ్మ దగ్గర నేర్చిన విద్య. ఆ చేతికే దెబ్బ కొట్టాలని తోచింది దేవుడికి, ఇంకెవరూ దొరకనట్టు.

ఆషాఢంలో హైమకు మెదడులో రక్తం గడ్డకట్టింది. ప్రాణం దక్కింది, మాట పోలేదు, కాళ్ళూ చేతులూ ఆడుతున్నాయి. అందరూ గండం గడిచిందనుకున్నారు. ఇంటికొచ్చి కాఫీ గ్లాసు అందుకోబోతే చెయ్యి పక్కకు పోయి బల్లకు తగిలింది.

కూతురు శ్రుతి మళ్ళీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన పెన్ను చూపించి పట్టుకోమంటే హైమ గాలిని తడిమింది. ముక్కు పట్టుకోమంటే మాత్రం వేలు తిన్నగా ముక్కు మీద వాలింది.

"కన్ను బాగుంది, చెయ్యీ బాగుంది. చూసిన వస్తువు దగ్గరికి చేతికి దారి గీసిచ్చే చోటు మెదడులో దెబ్బతిందమ్మా. మీ ఒళ్ళు ఎక్కడుందో తెలియడానికి కంటితో పని లేదు, అందుకే ముక్కు దొరికింది."

"నా బిడ్డ సీమంతానికి గాజులు తొడగాల సార్," అంది హైమ. ఆమె అడిగింది అదొక్కటే. సాధన చెయ్యమన్నాడాయన. రోజూ గ్లాసు కోసం చెయ్యి చాపుతూనే ఉంది పాపం.

సీమంతం రోజు శ్రుతి పీట మీద కూర్చుని చెయ్యి చాపింది. కూతురి చెయ్యి పట్టిస్తామని ఎవరో ముందుకొస్తే, "నేనే పట్టుకుంటా, తప్పుకోండి," అంది హైమ. ఎర్రగాజుతో వెళ్ళిన చెయ్యి కూతురి వేళ్ళను దాటిపోయి పళ్ళెం అంచుకు కొట్టుకుంది. గాజు ముక్కలైంది. శుభమా అని కూర్చుంటే గాజు పగలడమేమిటని గుసగుసలు లేచాయి.

వియ్యపురాలు కలైసెల్వి చెడ్డ మనిషి కాదు. "పరవాలేదు వదినా, మీరు ఈడ కూర్చోండి. కోకిల తొడగతాది," అంది. కోకిలకు గాజులు తొడగడం నేర్పింది హైమే. ఆ పిల్ల బాగా తొడిగింది కూడా. హైమ లేచి లోపలి గదిలోకి వెళ్ళిపోయింది.

అందరూ భోజనాలకు లేచాక శ్రుతి లోపలి గదికి వచ్చింది. తల్లి ముందు కూర్చుని, ఆమె అరచేతిలో ఒక గాజు పెట్టి, తన చెయ్యి ఆమె మోకాలి మీద ఆనించింది.

"కళ్ళు మూసుకోమా. నీ మోకాలు పట్టుకో."

హైమ పట్టుకుంది. అక్కడ కూతురి చెయ్యి ఉంది. బొటనవేలు తనంతట తానే మడత పడింది. గాజు చిట్లలేదు.

కళ్ళు తెరిచేసరికి శ్రుతి ఏడుస్తోంది. తుడవబోయింది హైమ. తడిసిన చెంప ఎదురుగా స్పష్టంగా కనిపిస్తోంది. చెయ్యి మాత్రం చెవి పక్క నుంచి గాలిలోకి పోయింది. దాన్ని వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"బిడ్డ పుట్టినాక నన్ను ఎత్తుకోమనబాకే తల్లీ," అంది. "తెచ్చి నా ఒళ్ళో పెట్టు."