ఇన్‌స్పెక్టరు దొర భోంచేసిన పాఠం

ఉన్న ఉద్యోగం ఊడగొట్టుకోవడానికి మనుషులు నానా దారులూ తొక్కుతారు. పై అధికారిని తిట్టేవాడొకడు, పని వేళకి గుర్రుపెట్టేవాడొకడు. చెప్పాల్సిన పాఠాన్ని కూర వండించి పై అధికారికే వడ్డించిన ఘనుణ్ణి మాత్రం గోదావరి జిల్లా మొత్తం మీద నేనొక్కణ్ణే. నవ్వకండి, చెబుతున్నాను కదా!

రాజమండ్రిలో చదువు ముగించి, కాలువ గట్టున ఒక చిన్న ఊరి బడిలో తాత్కాలికంగా మేస్టరు పని సంపాదించాను. ఇన్‌స్పెక్టరు దొర వచ్చి, నా పాఠం విని, బాగుందంటే పని ఖాయం. బాగులేదంటే పెట్టె సర్దుకుని పడవెక్కడమే. మా హెడ్మాస్టరు గారు పిలిచి, "ఏవండీ, దొరగారికి వెన్నెముక లేని జంతువుల పాఠమంటే ప్రాణంటండి. బొమ్మలు చూపిస్తే ఒప్పుకోరట. బతికున్నవి పట్టుకురండి" అన్నారు.

అంతే, రెచ్చిపోయాను. సముద్రం వైపు నుంచి పడవలో చేపలు తెచ్చి అమ్మే నూకాలమ్మని బతిమాలి పీతలు, రొయ్యలు, ఒక సముద్ర నక్షత్రం తెప్పించాను. చేలగట్ల వెంట తిరిగి నత్తలు, వానపాములు, జలగలు స్వయంగా ఏరాను. పాఠం నోటికొచ్చేసింది. పీతకీ రొయ్యకీ కాళ్ళ నిండా కీళ్ళు, ఒంటిమీద పెంకు. నత్తకి మెత్తని ఒళ్ళు, వీపున గుల్ల. వానపాముకీ జలగకీ ఒళ్ళంతా ఉంగరాలు. సముద్ర నక్షత్రానికి తలా తోకా లేవు, చేతులు మాత్రం ఉన్నాయి. ఎముక అన్నది మాత్రం వీటిలో ఒక్కదానికీ లేదు. దొర ముగ్ధుడైపోయినట్టు కలలు కూడా వచ్చాయి.

వీటన్నిటినీ కుండల్లో వేశాను సరే, ఆ కుండలన్నీ ఎక్కడ పెట్టను? బడికి సున్నాలు వేస్తున్నారు. నేనుండేది మా మేనత్త ఇంట్లో. ఆవిడ మడి కట్టుకుంటే గాలి కూడా పక్కనుంచి తప్పుకుని పోవాలి.

"ఒరేయ్, ఆ పీత నా గుమ్మం తొక్కిందంటే దాంతోపాటు నిన్నూ కాలువలోకి విసిరేస్తాను!"

"పాఠం కోసం అత్తయ్యా!"

"పాఠమైతే నోటితో చెప్పు. కాళ్ళున్న పాఠం నా ఇంటికి తేకు."

అప్పుడు నా బుర్రలో మెరుపు మెరిసింది. సాయంత్రం దొర దిగేది ట్రావెలర్సు బంగళాలో కదా, కుండలు అక్కడే ఉంచితే సరి! దొరలు మకాం వేస్తే ఊళ్ళోవాళ్ళు పాలూ కోళ్ళూ బంగళాకి పంపడం ఆనవాయితీ అని నాకు తెలుసు. తెలిసీ తట్టలేదు. ఎందుకంటే తాతముత్తాతల నుంచి మా ఇంట్లో ఉల్లిపాయ తరగలేదు. నా దృష్టిలో పీతైనా జలగైనా ఒకటే. మనుషులు నోట్లో పెట్టుకునేవి కావు.

దొరగారి బట్లరు అప్పన్న ముందుగానే వచ్చి ఉన్నాడు. కుండలు దింపించి గంభీరంగా చెప్పాను. "ఇవి దొరగారి కోసం. తాజాగా ఉండాలి సుమా! పాడైతే నా బతుకు బుగ్గే."

"నాకొదిలెయ్యండి మేస్టారూ. పాడవనిస్తానా?" అన్నాడు మహా వినయంగా.

పొద్దున్నే కుండల కోసం వెళ్ళాను. అన్నీ శుభ్రంగా తోమి బోర్లించి ఉన్నాయి.

"అప్పన్నా, నా పీతలేవి?"

"దొరగారు చాలా మెచ్చుకున్నారండి."

"చూశారా?"

"చూడ్డమేంటండీ! రాత్రి గిన్నె ఊడ్చేశారు. రొయ్యలు వేపుడండి, పీతలు పులుసండి."

పక్క కుండ తిరగేసి చూశాను. "నత్తలు?"

"బాతులకి వేశానండి. దొరగారికి పొద్దున బాతుగుడ్లు కావాలి కదండీ."

"వానపాములు?"

"గాలానికి గుచ్చానండి. మంచి చేప పడింది."

ఓరి నాయనోయ్, ఎముకల్లేని పాఠం పోయి ఎముకలున్నది వచ్చింది! "ఆ నక్షత్రమైనా ఉందా?"

"ఎంత ఉడికించినా మెత్తబడలేదండి. కాలువలో పారేశాను. జలగలేమో పారిపోయాయండి, ఒక్కటి తప్ప. మోకాలు నొప్పిగా ఉంటే చెడు రక్తం లాగుతుందని దాన్ని అక్కడ పట్టించుకున్నాను" అంటూ పంచె పైకెత్తాడు. నల్లగా నిగనిగలాడుతూ వేలాడుతోంది, నా ఉద్యోగానికి మిగిలిన ఏకైక ఆధారం.

"పద బడికి!"

"కడుపు నిండందే అది వదలదండీ."

"అందుకే నువ్వూ పద!"

దొర తరగతిలోకి వచ్చేసరికి బల్ల మీద ఆయన బట్లరే పంచె ఎగగట్టి నిలబడి ఉన్నాడు. నేను బెత్తంతో జలగ ఒంటి మీద ఉంగరాలు చూపిస్తున్నాను. హెడ్మాస్టరు గారు గోడకి చేరగిలబడి దేవుణ్ణి తలుచుకుంటున్నారు.

దొర తన తెలుగు పరీక్షకి నేర్చుకున్న గ్రాంథికంలో అడిగాడు. "జలగ మిక్కిలి బాగున్నది. తక్కిన జంతువులు ఎచట నున్నవి?"

అబద్ధమాడదామంటే అప్పన్న ఎదురుగా ఉన్నాడు. కళ్ళు మూసుకుని చెప్పేశాను. "చిత్తం... తమరి లోపలే ఉన్నాయండి."

దొర ముందు తెల్లబోయాడు. ఆ మీదట ఎర్రబడ్డాడు. చివరికి కుర్చీలో కూలబడి కళ్ళనీళ్ళు కారేలా నవ్వాడు. నవ్వి నవ్వి, లేచి నా భుజం తట్టాడు. "నీ యుద్యోగము ఖాయము. ఇట్టి రుచిగల పాఠము నే నెన్నడును ఎరుగను" అన్నాడు. అమ్మయ్య అని ఊపిరి పీల్చుకున్నానో లేదో, గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు.

"వచ్చు సంవత్సరము పక్షులను గూర్చి చెప్పుము."

కాబట్టి పాఠకులారా, నిండు గోదావరి మీద ఒట్టేసి చెబుతున్నాను. ఈ జన్మలో ఇక నా పాఠాన్ని ఏ వంటింటి ఛాయలకీ పోనివ్వను. దొర మళ్ళీ వచ్చినప్పుడు మాత్రం రాబందు గురించి చెప్పాను.