టీచరమ్మ రైఫిల్

మా పెదనాన్న రైఫిల్ క్లబ్బులో తుపాకులు బాగుచేసేవాడు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, "నా మాట నేనే వినను, ఇంకొకరేం వింటారు" అనేవాడు. అబద్ధం. తన మాట తప్ప ఎవరి మాటా వినని మనిషి. ముప్పయ్యేళ్లుగా తుపాకీలో తప్పుందని ఆయనంటే ఉన్నట్టు, లేదంటే లేనట్టు. అందరూ పనిపడితేనే ఆ గదికి వచ్చేవాళ్లు, పని కాగానే లేచేవాళ్లు. క్లబ్బులో గురి కాల్చే లెక్కల టీచరమ్మ ఒక్కతే శనివారాలు వచ్చి, స్టూలు లాక్కుని కూర్చుని కబుర్లు చెప్పేది. ఆ రోజు పెదనాన్న తప్పకుండా గడ్డం గీసుకునేవాడు. ఆ సంగతి నేనెత్తితే కసురుకునేవాడు.

కిందటేడు ఆమె గుళ్లు పదింటిలో రెండు కిందికి జారడం మొదలైంది. పెదనాన్న రైఫిల్‌ను ఇటు తిప్పి అటు తిప్పి, "గన్ను గుండ్రాయిలా ఉందమ్మా. మీ చెయ్యే వణుకుతోంది" అన్నాడు. అడిగినప్పుడల్లా అదే మాట. ఆమె నమ్మింది.

ఈ ఏడాది ఆ రైఫిల్ తెచ్చి బల్ల మీద పెట్టింది. "ఇక నావల్ల కాదండీ, అమ్మేస్తాను. కొనేవాళ్ల కోసం ఒకసారి సరిచూసి పెట్టండి" అంది. ఆ మధ్యాహ్నం నేను తెచ్చిన అన్నం పెదనాన్న కెలికి వదిలేశాడు. ఇకమీదట ఆ గదికి వచ్చి కబుర్లు చెప్పే మనిషి ఉండదు. ఆయన దిగులు నాకు తెలుస్తూనే ఉంది.

కొనేది పరాయివాడు కాబట్టి మాట రాకూడదని, ఆమె కోసం ఏనాడూ చెయ్యని పని అప్పుడు చేశాడు. ఐదు తూటాల అడుగు అంచున ఇంకు చుక్క పెట్టి, చుక్క పైకి ఉండేలా ఎక్కించి కాల్చాడు. ఖాళీ గొట్టాలు వరసగా పెట్టి చూస్తే, తూటాను పేల్చే ఫైరింగ్ పిన్ను అడుగున కొట్టిన గుంట ఒక్కదాంట్లోనూ నడిమధ్యలో లేదు. ఐదింటిలోనూ చుక్క వైపుకే జరిగింది. దెబ్బ అలా పక్కకు పడితే ఒక్కోసారి మందు సరిగా అంటుకోక గుండు కిందికి జారుతుంది. పిన్ను ఉండే బోల్టు విప్పి, పిన్నును అద్దం పలక మీద దొర్లించాడు. వంకర లేదు. స్ప్రింగు లేకుండా బోల్టులో వేస్తే సాఫీగా జారింది, స్ప్రింగు తొడిగితే ఒక పక్కకు ఒరిగి రాసుకుంది. స్ప్రింగు చివర ఏటవాలుగా తెగి ఉంది. కిందటేడు ఆమె గుళ్లు జారడానికి కాస్త ముందు, కొత్త స్ప్రింగు వేస్తూ కటింగ్ ప్లేయరుతో దాన్ని కత్తిరించి, చదును చెయ్యకుండా బిగించింది ఎవరో కాదు, ఆయనే.

చివరను చదునుగా అరగదీసి మళ్లీ కాల్చాడు. గుంటలు నడిమికొచ్చాయి, గుళ్లు ఒక్కచోట చేరాయి.

"చెప్పకు పెదనాన్నా. బాగైపోయిందిగా, నీ పరువు నువ్వే తీసుకుంటావా?" అన్నాను. ఇలాంటి సలహాలివ్వడంలో నేను దిట్టను.

"నోర్ముయ్" అని ఆమెకు ఫోను చేశాడు.

ఆమె రాగానే లేచి నిలబడ్డాడు. "తప్పు నాదమ్మా. మీ చెయ్యి ఏనాడూ వణకలేదు" అని గొట్టాలు చూపించాడు.

చెడామడా తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. తన చేతులు చూసుకుంది.

"మా చెల్లికి బాబు పుట్టి ఎనిమిది నెలలైందండీ. ఎక్కడ జారవిడుస్తానోనని ఇంతవరకు వాణ్ణి ఎత్తుకోలేదు" అంది. రైఫిల్ అక్కడే వదిలేసి గబగబా వెళ్లిపోయింది.

మర్నాడు రైఫిల్ కోసం ఆమె చెల్లెలి భర్త వచ్చాడు. పెదనాన్న ఏదో అడగబోయి ఆగిపోయాడు. నేనే అడిగాను.

"నిన్నటి నుంచి వదిన వాణ్ణి చంక దించితే ఒట్టండీ" అన్నాడతను నవ్వుతూ.

పెదనాన్న తలూపి, రైఫిల్ సంచిలో పెట్టి ఇచ్చాడు. ఇప్పుడామె వేరే క్లబ్బులో కాలుస్తోంది. ఆ గదికి మళ్లీ రాలేదు.