పొమ్మని ఎవరూ చెప్పలేదు

మనకు నిజంగా స్వాతంత్ర్యం వచ్చిందా అని మా ఇంట్లో పిల్లలు వాదనకు దిగితే నేను అక్కడి నుంచి లేచి వెళ్లిపోతాను. నాకు ఆ మాట వింటే ఇప్పటికీ భయమేస్తుంది.

నేను నందవరం దగ్గరి పల్లె నుంచి ఎమ్మిగనూరుకు కొత్త కోడలిగా వచ్చిన ఏడాది ఎమర్జెన్సీ నడుస్తోంది. మగవాళ్లను జీపుల్లో ఎక్కించుకుపోయి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయిస్తున్నారని వీధంతా గుసగుసలు. నా భర్త ఆదోనిలో పత్తి మిల్లులో పనిచేసేవాడు. ఇంట్లో అత్త, మామ, నేను. మామది గుంత మగ్గం. కాళ్లు గుంతలో పెట్టి, నేసిన బట్ట చుట్టే కర్ర ఒడిమీదికి వచ్చేలా కూర్చున్న మనిషి చటుక్కున లేవలేడు.

ఆగస్టు పదిహేను జెండా పండగకు ముందు రోజు మధ్యాహ్నం జీపు మా గడప ముందే ఆగింది. అత్త వంటింట్లోకి పరుగెత్తింది. నేను తలుపు చాటున నిలబడ్డాను. జీపు దిగి ఆఫీసరు లోపలికి వచ్చేసరికి మామ తెగిన పోగుకు ముడి వేస్తున్నాడు.

"వస్తాండా దొరా, ఒక్క పోగు," అన్నాడు తల ఎత్తకుండానే.

"లేచి నిలబడటం తెలీదా నీకు?"

ఆయన వచ్చింది, జెండా పండగకు ఇంటికొకరు రావాలని చెప్పిపోవడానికి. ఆ సంగతి చెప్పి, మామ వైపు వేలు చూపించి, "నువ్వు మాత్రం పొద్దున్నే నా ఆఫీసు దగ్గరుండు," అని వెళ్లిపోయాడు.

ఆ పూట ఎవరికీ ముద్ద దిగలేదు. మామను కూడా ఎక్కించుకుపోతారని మా భయం. ఆదోనికి కబురు పెడదామంటే అత్త నా చెయ్యి పట్టుకుంది. "వాడు వస్తే వాన్ని గూడా పట్టుకపోతారు. వద్దు తల్లీ."

"తెల్లదొరలు పోయినారంటిరి గదత్తా. మరి మనం ఎవరికి భయపడతాండాం?" అన్నాను ఉక్రోషంగా.

"మెల్లగ మాట్లాడు. గోడవతల ఇంటారు."

మర్నాడు మామ ఉతికిన పంచె కట్టుకుని వెళ్లాడు. మైకులో పాటలు వినిపించాయి, తర్వాత ఆగిపోయాయి. పిల్లలు చాక్లెట్లు చప్పరిస్తూ ఇళ్లకు వచ్చేశారు. పొద్దు వాలింది, మామ రాలేదు. ఎవరినైనా అడగడానికి కూడా ధైర్యం లేదు. చివరికి నేనే కొంగు కప్పుకుని బయలుదేరాను.

ఆఫీసుకు తాళం వేసి ఉంది. వరండాలో మామ ఒక్కడే నిలబడి ఉన్నాడు, కండువా తీసి చంకలో పెట్టుకుని. ఒంటిమీద దెబ్బలున్నాయేమోనని వెతికాను. ఏమీ లేవు.

"ఎవరూ లేరు మామా. ఇంటికి పోదాం రా."

"ఈడ నిలబడమన్యాడమ్మా. పొమ్మని ఎవరూ సెప్పల్యా."

ఆఫీసరు పొద్దున్నే ఈయన్ను వరండాలో నిలబెట్టి, జెండా ఎగరేసి అటునుంచి అటే ఇంటికి పోయాడట. ఈయన్ను మరిచేపోయాడు. చెయ్యి పట్టి లాగితే గానీ మామ మెట్టు దిగలేదు. దారంతా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు.

ఇంటికొచ్చాక అత్త చాప పరిచి మంచినీళ్లు తెచ్చింది. మామ చాప పక్కనే నిలబడి నా వైపు చూశాడు.

"కూసోవచ్చా అమ్మా?"

నిన్నటిదాకా ఆ ఇంట్లో నేను కూర్చోవాలంటే ఆయన అవతలికి వెళ్లాలి. ఇప్పుడు నా జవాబు కోసం చూస్తున్నాడు.

"కూసో మామా," అన్నాను. ఆ తర్వాతే కూర్చున్నాడు.