గేదె వద్దన్న కుడితి

వినుకొండ అవతల నుంచి వెంకాయమ్మగారు ఈ రోజు మా ల్యాబ్‌కి రిపోర్టు కోసం వచ్చారు. పోయిన వారం ఆవిడ చూడిగేదె కుడితి తాగి, సాయంత్రానికల్లా పడిపోయి చచ్చిపోయింది. తొట్టిలో మిగిలిన కుడితిని కూల్‌డ్రింక్ సీసాలో పోసి మాకు పంపారు.

వడకట్టి మెషీన్‌కి ఎక్కిస్తే, తెర మీద ఉప్పు ఒక్కటే కొండలా లేచి పక్కనున్నవన్నీ కప్పేసింది. ఉప్పును పట్టేసే చిన్న గొట్టం గుండా పంపి మళ్ళీ ఎక్కించాను. కొండ తగ్గాక దాన్ని ఆనుకుని చిన్న గుట్ట కనిపించింది. నైట్రైట్. ఎరువు కలిసిన నీళ్ళు నిలవుంటే పుట్టే విషం.

"కుడితిలోకి నీళ్ళు ఎక్కడివమ్మా?" అని అడిగాను.

"మోటారు కాలిపోయింది గదండి. మిరపతోటకి ఎరువు కలిపే డ్రమ్ములో ఉన్నయ్యే పోశాను."

"మరి అంత ఉప్పెందుకు?"

"అది తాగనందండి. వాసన చూసి మొహం తిప్పుకుంది. చూడిది, దాహంతో ఉంటదేమోనని నేనే ఇంత ఉప్పేసి, ఇంకాస్త తౌడు కలిపి, మెడ నిమిరి తాగించాను. ఉప్పెక్కువై పోయిందాండి?"

"ఉప్పు తప్పేం లేదమ్మా, విషం ఆ డ్రమ్ము నీళ్ళలోది," అన్నాను, ధైర్యం చెప్తున్నాననుకుని.

ఆవిడ రిపోర్టు మడుస్తూ, "అయితే నాదేగా అండీ," అన్నారు.

అంత ఖరీదైన మెషీన్ పక్కన నిలబడి నేను చేయగలిగింది టీ తెప్పించడం. ఆవిడ అదీ తాగలేదు. బలవంతపెట్టడానికి నాకు నోరు రాలేదు.

మీరైతే ఏమనేవారు?